వాంతులు ఆగాయని డిశ్చార్జి అడగకండి

(మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో తెలుగు రైతులు ఏర్పాటు చేసుకున్న సభలో ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను కూడా ఉంచాం.)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు అందరికీ నమస్కారం. ఇంత వానలో జివతి గుట్టల మీది నుంచి, కోర్పనా వైపు నుంచి కూడా వచ్చారు. సంతోషం. రేపు వాన వెలిసిందంటే మీలో సగం మంది పంపు వీపుకెత్తుకుంటారని నాకు తెలుసు. అందుకే కాస్త పొడుగైనా ఈ మాటలు ఇవాళే చెప్పాలి.

నన్ను పిలిచిన కాగితంలో ‘పురుగుమందుల వాడకంలో జాగ్రత్తలు’ అని రాశారు. ఆ జాగ్రత్తలు మీరు ప్రతి ఏడూ వింటూనే ఉన్నారు. కృషి అధికారి చెబుతారు, కంపెనీ వాళ్లు ప్రొజెక్టర్ పెట్టి మరీ చెబుతారు. నా దగ్గరికి మనిషి వచ్చేసరికి ఆ దశ దాటిపోయి ఉంటుంది. కాబట్టి నేను ఆ తర్వాత ఏం జరుగుతుందో మాట్లాడతాను, అందులోనూ గుండె సంగతి. మందు ఎక్కితే కళ్లు తిరుగుతాయని, వాంతులవుతాయని, నోట్లో నురగ వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. గుండె గురించి మాత్రం ఎవరూ అడగరు. రెండో రోజు పొద్దున రోగి లేచి కూర్చుని చాయ్ తాగుతుంటే వెంట వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: ‘వాంతులు ఆగినయ్ కదా సార్, ఇంటికి పంపుతరా?’ దానికి నేను వద్దంటాను. ఎందుకు వద్దంటానో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఒక్క మాట 2017 గురించి. యవత్మాళ్ మనకు పరాయి జిల్లా కాదు, పెన్‌గంగ అవతలే. ఆ ఏడాది జూలై నుంచి అక్టోబరు దాకా అక్కడ మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లెవరూ మందు తాగినవాళ్లు కాదు, చేలో కొట్టినవాళ్లు. ఆ సీజనులో పత్తి మనిషి ఎత్తు దాటి పెరిగింది. గులాబీ రంగు పురుగు విరగబడింది. నాజిల్ తల పైకెత్తి కొడితే తుంపర అంతా ముఖం మీదే పడుతుంది. దానికి తోడు ఎక్కువ ప్రెషర్ పంపులు, ఒకే ట్యాంకులో రెండు మూడు మందులు. తర్వాత ప్రభుత్వం విచారణ బృందాన్ని వేసింది, కొన్ని మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపింది. ఆ గొడవంతా పేపర్లలో వచ్చింది, చాలామంది మరిచిపోయారు కూడా. చేలో మందు కొట్టిన మనిషి కూడా గుండె ఆగేదాకా పోవచ్చని మన ప్రాంతంలో అందరికీ తెలిసింది మాత్రం అప్పుడే.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ట్రయజోఫాస్. డబ్బా మీద పేరు చివర ‘ఫాస్’ అని ఉన్నవి చాలావరకు ఒకే కుటుంబం. చివర ఫాస్ లేకపోయినా ఎసిఫేట్, డైమిథోయేట్, ఫోరేట్ గుళికలు కూడా అందులోవే. వీటిని ఆర్గానోఫాస్ఫేట్లు అంటారు. మన నరం గుండెకో, కండరానికో, చెమట గ్రంథికో ఆజ్ఞ పంపాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఒక చుక్కంత వదులుతుంది. పని కాగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది, దాని పేరు కోలినెస్టరేజ్. ఈ మందులు ఆ ఎంజైమును పట్టేసి పనికి రాకుండా చేస్తాయి. తూము తలుపు విరిగిన చెరువులాగా ఆజ్ఞలు ఆగకుండా పారుతూనే ఉంటాయి. నోటి నీళ్లు, కంటి నీళ్లు, చెమట, విరేచనాలు, ఛాతీలో గురగుర, సూదిమొనంత చిన్నబోయిన కంటిపాప, తొడల్లో, కనురెప్పల్లో చర్మం కింద పురుగు పాకినట్టు కండరాలు అదరడం – అన్నిటికీ మూలం ఇదే. మన ఒంటి మీద వాటి పని తీరు, పురుగు మీద పని తీరు రెండూ ఒకటే. పురుగు చిన్నది కాబట్టి త్వరగా చస్తుంది.

గుండెకు ఇదే జరిగితే మూడు దశల్లో కనిపిస్తుంది. 1982లో ఇజ్రాయెల్‌లో లుడోమిర్‌స్కీ అనే వైద్యుడి బృందం దీన్ని విడదీసి రాసింది. ఇవాళ్టికీ మేము ఆ వరసే చదువుకుంటాం. మొదట కొద్దిసేపు నాడి పరుగెడుతుంది, బీపీ పెరుగుతుంది. మనిషి టెన్షన్‌గా ఉంటాడు, గుండె దడదడ అంటాడు. ఎండకు వచ్చిందేమోలే అనుకుని చెట్టు కింద కూర్చుంటాడు. తర్వాత దానికి పూర్తిగా ఉల్టా: నాడి 50కి, 40కి పడిపోతుంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు సరిగ్గా దిగదు, దాన్ని బ్లాక్ అంటాం. ఇక్కడ ఒక మాట. ఆంజియోగ్రామ్‌లో రక్తనాళం మూసుకుపోతే చెప్పే బ్లాక్ వేరు, ఇది కరెంటు దారిలో బ్లాక్. మా ఆసుపత్రిలో బ్లాక్ అనే మాట వినగానే స్టెంటుకు డబ్బులెంత అని అడిగిన కుటుంబాలు ఉన్నాయి.

మూడో దశే నేను చెప్పదలుచుకున్నది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి కండరం తిరిగి చార్జి కావాలి. ఈసీజీలో ఆ మొత్తం సమయాన్ని క్యూటీ అంటాం. నాడి వేగాన్ని బట్టి లెక్క సరిచేసి చూస్తే మగవాళ్లలో 450 మిల్లీసెకన్లు, ఆడవాళ్లలో 460 దాటకూడదు. 500 దాటిందంటే ప్రమాదం. ఈసీజీ కాగితం మీద చిన్న గడి ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, అంటే పన్నెండున్నర చిన్న గడులు. మందు ఎక్కినవాళ్లలో ఈ క్యూటీ సాగుతుంది. చార్జి కావడం పూర్తి కాకముందే తర్వాతి దెబ్బ వచ్చి పడితే కింది గదులు లయ తప్పి మెలికలు తిరుగుతూ వణుకుతాయి. ఈసీజీలో గీత తాడు పేనినట్టు కనిపిస్తుంది. 1966లో దెసర్తెన్ అనే ఫ్రెంచి వైద్యుడు దానికి టోర్సాడ్ ద పాయింట్స్ అని పేరు పెట్టాడు. పేరు మీకు గుర్తుండక్కర్లేదు. ఆ సమయంలో గుండె నుంచి మెదడుకు రక్తం పోదు, మనిషి ఉన్నచోటే పడిపోతాడు. కొన్ని సెకన్లలో దానంతటదే ఆగితే లేచి కూర్చుని ‘ఏమైంది?’ అంటాడు. ఆగకపోతే లేవడు.

ఇది మొదటి గంటల్లోనే రావాలని ఏమీ లేదు. ఎక్కువగా మొదటి రోజు వస్తుంది, కానీ కొందరిలో నాలుగైదు రోజుల దాకా కూడా రావచ్చు. ఈ మందుల్లో కొన్ని కొవ్వులో కరిగి దాక్కుంటాయి. వాంతులు తగ్గాక, చెమట ఆరాక, మెల్లగా మళ్లీ రక్తంలోకి వస్తాయి. గుండె సంగతి అలా ఉంచితే, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, ఊపిరి కండరాలు సడలిపోవడం ఇంకొకటి ఉంది. దాన్ని 1987లో శ్రీలంక వైద్యులు గుర్తించి రాశారు. అప్పటిదాకా బాగా మాట్లాడుతున్న మనిషి దిండు మీంచి తల ఎత్తలేడు. గంటల్లో వెంటిలేటర్ కావాలి. వాంతులు ఆగడమంటే మేము విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సూది పని చేస్తోందని అర్థం, విషం పోయిందని కాదు.

ఒక కేసు చెబుతాను. ముప్పై ఏళ్ల మనిషి, పత్తి చేలో పొద్దంతా కొట్టాడు. సాయంత్రం వాంతులు, విరేచనాలు. ఊళ్లో సెలైన్ ఎక్కించారు, వాంతుల సూది ఇచ్చారు, జ్వరంలాగా ఉందని యాంటీబయోటిక్ కూడా ఇచ్చారు. తెల్లారి మా దగ్గరికి వచ్చేసరికి నడుచుకుంటూ వచ్చాడు. ఆయన భార్య గట్టిగా పట్టుబట్టబట్టి చేరాడు గానీ తనకు ఇష్టం లేదు. మానిటర్ తీగలు పీకేసి బాత్రూముకు పోతూ గుమ్మంలో పడిపోయాడు. అదృష్టం, అక్కడే నర్సు ఉంది. ఈసీజీలో క్యూటీ 560. పొటాషియం బాగా తక్కువ. మెగ్నీషియం ఎక్కించాం, పొటాషియం సరిచేశాం, వారం తర్వాత ఇంటికి పోయాడు. ఇప్పుడు మీరు ఈ కేసులో ఏం చూశారు? మందు ఒక్కటే ఆయన్ను పడగొట్టలేదు. వాంతులు, విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పోయాయి. అవి తగ్గితే క్యూటీ సాగుతుంది. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ సూది కూడా క్యూటీని సాగదీస్తుంది. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్‌లూ అంతే. ఒక్కొక్కటి విడిగా ఇస్తే మామూలు మనిషికి పెద్దగా ఏమీ కాదు. మందు ఎక్కిన గుండె మీద ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఊళ్లో వైద్యం చేసేవాళ్లను తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రాత్రి పదింటికి మీకు తలుపు తీసేది వాళ్లే. ఇక్కడ కూడా ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు, చూస్తున్నాను. వాళ్లకు నా విన్నపం ఒకటే. వాంతులతో వచ్చినవాణ్ణి ‘ఇవాళ ఫవారణీ చేసినవా, మందు కొట్టినవా?’ అని అడగండి. అవునంటే కంటిపాప చూడండి, సూది మొనంత ఉంటే ఆ సూదులేవీ పెట్టకుండా ఆసుపత్రికి పంపించండి. మన గడ్చిరోలి వైపు ఇంకో తిరకాసు ఉంది. సిరోంచాలో, అహేరిలో మిర్చికి, పత్తికి మందు కొట్టే నెలలే మలేరియా నెలలు. మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్, క్వినైన్ కూడా క్యూటీని సాగదీసేవే. మలేరియాకు మందు వేసుకోవద్దని కాదు. మలేరియా కూడా చంపుతుంది. మందు కొట్టిన సంగతి డాక్టరుకు చెప్పాలి, అంతే.

– సార్, మందు నోట్లోకి పోతేనే కదా ఎక్కేది? మేము బట్ట కట్టుకుంటం.

మంచి ప్రశ్న అన్నా. బట్ట కట్టుకున్నందుకు మంచిదే, కానీ ఎక్కువ భాగం పోయేది చర్మం గుండా. పారాథియాన్ అనే మందు మీద దశాబ్దాల క్రితమే మనుషుల చర్మంతో ప్రయోగం చేశారు. ముంజేతి చర్మం పీల్చుకున్నదానికి నుదురు దాదాపు నాలుగు రెట్లు పీల్చుకుంది. వృషణాల చర్మమైతే పదకొండు రెట్లకు పైగా. ఇప్పుడు మీ పంపు గుర్తు చేసుకోండి. మూత వదులైన ట్యాంకు వీపు మీద ఊగుతూ ఉంటే కారేది ఎక్కడికి? నడుము మీంచి లోపలికే. చెమటకు చర్మం నాని ఉంటుంది, ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. తడిసిన లుంగీతో, నిక్కరుతో సాయంత్రం దాకా ఉంటారు. ముఖానికి కట్టిన బట్ట కూడా తడిసిందంటే అది మందులో ముంచి ముఖానికి కట్టుకున్నట్టే. తడిస్తే మార్చాలి. ట్యాంకు మూతకు కొత్త వాషర్ వేయించడం, కింద వీపుకు ప్లాస్టిక్ పట్టా కట్టుకోవడం – మీరు చేసే జాగ్రత్తలన్నిటిలో నాకు ముఖ్యమైనవి ఈ రెండే. మాస్కు ఫొటోలు పోస్టర్ల మీద బాగానే ఉంటాయి. భాద్రపదం ఉక్కపోతలో దాన్ని పెట్టుకుని ఎనిమిది ట్యాంకులు కొట్టమంటే నేను కూడా కొట్టను.

ఇక ఖర్రా, అదే మనం నమిలే పొగాకు వక్క. నవ్వకండి. పొద్దున్నుంచి మందు కలిపిన చేత్తోనే ప్లాస్టిక్ కవర్లో ఖర్రా రుద్దుతారు, అదే చేత్తో తీసి దవడలో పెట్టుకుంటారు. దవడ లోపలి చర్మం ఎంత పలుచనో మీకు తెలుసు. పైగా పొగాకు, వక్క రెండూ నాడిని పెంచేవే. మందు కొట్టే రోజు ఒక్కరోజైనా ఖర్రా ఇంట్లో పెట్టి రండి. మానమని నేను చెప్పినా మీరు మానరు కాబట్టి ఆ మాట ఎత్తడం లేదు.

రెండు మందులు కలపడం గురించి కూడా చెప్పాలి. కృషి కేంద్రంలో, అంటే పురుగుమందుల షాపులో, ‘దీన్లో అది కలిపితే పురుగు అక్కడే రాలుతది’ అంటారు. రాలుతుంది, నిజమే. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లను మన ఒళ్లు ఎస్టరేజ్ ఎంజైములతో త్వరగా విరగ్గొట్టేస్తుంది, అందుకే అవి మనకు కాస్త తక్కువ ప్రమాదం. ఫాస్ కుటుంబపు మందులు ఆ ఎంజైములనే పట్టేస్తాయి. దాంతో మామూలుగా తట్టుకునే పైరెత్రాయిడ్ కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉండి నరాల మీద, గుండె మీద పని చేస్తుంది. ఫ్యాక్టరీలోనే రెండూ కలిపి అమ్మేవి ఉన్నాయి, వాటి మీద కనీసం మోతాదు రాసి ఉంటుంది. మీరు మూడోది కలిపితే ఏమవుతుందో ఏ లేబుల్ మీదా ఉండదు. లేబుల్ మీద ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లకు కూడా ఆ రంగు తెలుస్తుంది. ఆకుపచ్చ ఉంటే తాగొచ్చని కాదు.

దడ వచ్చిన ప్రతివాడికీ మందే ఎక్కిందని అనుకోకండి. మన దగ్గర రక్తహీనత ఎక్కువ, సికిల్ సెల్ ఉంది, చిన్నప్పటి కీళ్లజ్వరంతో వాల్వులు పాడైనవాళ్లు ఉన్నారు, థైరాయిడ్ ఉంది. వాటన్నిటికీ దడ వస్తుంది. మందు ఎక్కిన దడకు తోడుగా చెమట, నోటి నీళ్లు, చిన్నబోయిన కంటిపాప, కండరాల అదురు ఉంటాయి. ఎండదెబ్బ తగిలినవాడి చర్మం చాలాసార్లు వేడిగా ఉంటుంది, మందు ఎక్కినవాడు తడిసి ముద్దవుతాడు. ఏదీ తేలకపోతే ఈసీజీ తీస్తే ఐదు నిమిషాల పని.

ఇప్పుడు చేలో ఒకరు పడిపోయారనుకుందాం. గాలి వాలుకు ఎదురుగా, మందు కొట్టని వైపుకు మోసుకుపోండి. బట్టలన్నీ తీసేయండి, సిగ్గుపడే సమయం కాదు. విప్పేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోండి, లేకపోతే మీరూ మా దగ్గరికే వస్తారు. సబ్బుతో, ఎక్కువ నీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడగండి, గోళ్ల కింద, చెవుల వెనక కూడా. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చింతపండు నీళ్లు, ఉప్పు నీళ్లు, గుడ్డు సొన తాగించి కక్కించకండి. ఈ మందుల్లో కిరోసిన్ లాంటి ద్రావకాలు ఉంటాయి, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రాణాపాయం. 108కు ఫోన్ చేయండి. డబ్బా గానీ, లేబుల్ ఫొటో గానీ తప్పకుండా తెండి. ‘తెల్ల సీసా సార్’ అంటే నాకు ఏమీ అర్థం కాదు, అన్ని సీసాలూ తెల్లగానే ఉంటాయి.

మనిషి పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు అనుకోండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కండి. లోపలికి ఐదారు సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంబులెన్స్ వచ్చేదాకా మనుషులు మారుతూ నొక్కండి. నోట్లో నోరు పెట్టి ఊదకండి, విషం మీకు అంటుకుంటుంది. లయ తప్పి ఆగిన గుండె కాబట్టి షాక్ ఇస్తే తిరిగి కొట్టుకునే అవకాశం ఉంది. అందుకే అప్పటిదాకా మెదడుకు రక్తం పోతూ ఉండాలి.

ఆసుపత్రి ఏదనేది ముందే అనుకోండి. ఆగస్టులో వర్ధా నది పొంగితే రాజురా–బల్లార్షా వంతెన మునిగి దారి బందైతుందని మీకు నాకంటే బాగా తెలుసు. అప్పుడు చంద్రపూర్ కాకుండా ఎటు పోవాలి, ఆదిలాబాద్ వైపా, వణి వైపా – ఊరికి ఒకరైనా రాసి పెట్టుకోండి. వెంటిలేటర్, ఈసీజీ మానిటర్ రెండూ ఉన్నచోటికే పోవాలి. ఆసుపత్రిలో ఏం చేస్తారో కూడా వినండి, ఎందుకంటే అక్కడ మీరే గొడవ పెట్టుకుంటారు. అట్రోపిన్ ఒక ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు నుంచి ఐదు ఇస్తాం. ఐదు నిమిషాలు చూసి తగ్గకపోతే దానికి రెట్టింపు, మళ్లీ రెట్టింపు. ఛాతీలో గురగుర పోవాలి, చంకలో చెమట ఆరాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. ఒక రాత్రిలో వంద ఆంప్యూళ్లు పట్టినవాళ్లు ఉన్నారు. చీటీ చూసి ‘ఇన్ని సూదులా, మోసం చేస్తున్నరు’ అని డాక్టరు మీదికి పోకండి. నాడి వేగంగా ఉందని అట్రోపిన్ ఆపడం కూడా తప్పు. ఊపిరి అందక కూడా నాడి పరుగెడుతుంది, అట్రోపిన్‌తో ఛాతీ తడి ఆరితే ఆ వేగం దానంతటదే తగ్గుతుంది. ఆక్సిజన్ అందకపోతే, రక్తం ఆమ్లంగా మారితే గుండె లయ ఇంకా చెడుతుంది. అట్రోపిన్ ఎక్కువైతే మనిషి కలవరిస్తాడు, ముఖం ఎర్రబడుతుంది, గాల్లో దారాలు ఏరుతాడు. పిచ్చెక్కిందని భయపడకండి. మోతాదు తగ్గిస్తే దిగుతుంది.

– డాక్టర్ సాబ్, జొన్నల్లో పెట్టే గోళీలు కూడా ఇట్లనేనా?

కాదు బాపు, అది వేరే విషం, నా దృష్టిలో ఇంకా చెడ్డది. అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. అది గుండె కండరంలోనే శక్తి పుట్టే చోటును దెబ్బతీస్తుంది. బీపీ పడిపోతుంది, లయ చెడుతుంది, విరుగుడు మందు లేదు. మీరు పడుకునే గదిలో, పక్క గదిలో గోళీలు పెట్టిన బస్తాలు ఉంచకండి. గ్యాస్‌కు గోడ సందు చాలు. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వచ్చి ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వాంతులైతే అందరూ బయటికి పరుగెత్తండి. ఇక మందు తాగినవాళ్ల గురించి నేను ఇవాళ ఎక్కువ మాట్లాడను, అది ఇంత పెద్ద గుంపులో అయ్యే మాట కాదు. ఇంట్లో ఎవరి మీదైనా ఆ భయం ఉంటే డబ్బాలు తాళం వేసిన చోట, వేరేవాళ్ల ఇంట్లో పెట్టండి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు.

– మరి ఒకసారి ఎక్కినోడు మళ్లా ఎప్పుడు కొట్టొచ్చు సార్? వారం చాలదా?

చాలదు. రక్తకణాల్లో ఉండే కోలినెస్టరేజ్ ఒకసారి గట్టిగా పోయిందంటే కొత్త కణాలు పుట్టి పూర్తిగా తిరిగి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పైకి మనిషి బాగుంటాడు, లోపల సగం ఖాళీ. ఆ స్థితిలో మళ్లీ కొడితే, పోయినసారి తట్టుకున్న మోతాదులో కొద్ది భాగం చాలు పడగొట్టడానికి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఈ మందులు పట్టే కూలీలకు సీజను ముందు రక్తపరీక్ష చేసి, ఆ అంకె దగ్గర పెట్టుకుంటుంది. రక్తకణాల ఎంజైము ఆ మనిషి సొంత అంకెలో 70 శాతానికి పడిపోతే పని మాన్పిస్తారు, 80 శాతానికి వచ్చాకే మళ్లీ పనిలోకి. సొంత అంకె అన్నాను చూడండి. మనిషికీ మనిషికీ ఇది చాలా తేడా ఉంటుంది. పరీక్ష ఒకసారే చేస్తే ఎంత పడిపోయిందో తెలియదు. ఈసీజీ కూడా అంతే. అందుకే నేను అడిగేది: సీజను మొదలు కాకముందు ఊళ్లో మందు కొట్టే ప్రతి మనిషికీ ఒక ఈసీజీ, ఒక కోలినెస్టరేజ్ పరీక్ష. కాగితం ఇంట్లో కవర్లో పెట్టుకోండి. రేపు ఏదైనా అయితే నాకు పోల్చి చూడటానికి ఒకటి ఉంటుంది. పుట్టుకతోనే క్యూటీ పొడుగ్గా ఉన్నవాళ్లు కొందరుంటారు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే ముందే చెప్పండి. వాళ్లు అసలు పంపు ముట్టకూడదు.

– కూలికి పోయేటోడు నాలుగు నెలలు ఊరికె కూసుంటే ఎట్ల బతుకుతడు?

ఇది డాక్టరు ఒక్కడు తీర్చే ప్రశ్న కాదమ్మా. మందు కొట్టే కూలి కలుపు కూలి కంటే ఎక్కువ, అందుకే అప్పున్నవాడే ముందుకొస్తాడు. రైతులకు చెబుతున్నాను: మీ చేలో పడ్డ మనిషికి ఆ సీజను కలుపు, మోత, ఎరువు వేయడం లాంటి పని ఇవ్వండి, అదే కూలితో. అంబులెన్సు, మందుల ఖర్చు మీరు పెట్టుకుంటున్నారని తెలుసు. ఇది దానికంటే తక్కువే అవుతుంది. మందు కొట్టిన చేలోకి మాత్రం లేబుల్ మీద రాసిన గడువు దాటేదాకా పంపకండి, ఆకుల మీది తడి కూడా ఎక్కుతుంది. ఆడవాళ్లు ఆ బట్టలు వేరే బకెట్లో, చేతికి కవరు తొడుక్కుని ఉతకండి, పిల్లల బట్టలతో కలపకండి. మోనో డబ్బాల్లో నీళ్లు, నూనె పెట్టుకోవడం ఇంకా చూస్తున్నాను. 2013లో బీహార్‌లో బడి పిల్లలు 23 మంది చనిపోయింది వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసే.

మైకు ఇవ్వాలి, టైమైంది. ఈసీజీ మిషన్ బడి ఆఫీసు గదిలో పెట్టాం. ఈ సీజనులో ఇప్పటికే మందు కొట్టి దడ వచ్చినవాళ్లు, కళ్లు తిరిగి పడ్డవాళ్లు ముందు రండి, వయసు పెద్దదని వరసలో ముందుకు రావద్దు. ఆడవాళ్లకు పక్క గది, సిస్టర్ ఉంటుంది. ఖర్రా నోట్లో ఉన్నవాళ్లు ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఓ అరగంట ఆగి రండి.